కనిపెట్టుకుని ఉండే చదువు

బైపీసీ చదివిన అమ్మాయి ఉన్న ఇంట్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "డాక్టర్ సీటు రాకపోతే నర్సింగు ఉందిగా" అంటారు. నేను చాలా ఏళ్లు నర్సింగు విద్యార్థులకు ప్రసూతి పాఠాలు చెప్పాను. ఆ 'రాకపోతే' అన్న మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. కాన్పు చేయడం నేర్చుకునే చదువు ఇంకేదో దొరకక చదివేది కాదండీ. దాని విలువ దానికుంది. దాని కష్టం దానికుంది. ఇవాళ ఆ చదువు గురించి మాట్లాడతాను. అందులో కూడా ఒక్క సంగతే చెబుతాను. కాన్పు దగ్గర కనిపెట్టుకుని ఉండటం. అది ఎలా నేర్చుకుంటారు, ఎందుకు నేర్చుకోవాలి, అదే ఇవాళ్టి మాట.

ముందు దారి చెప్పేస్తాను. ఇంగ్లండులో అయితే స్కూలు చదువు అయిపోయిన పిల్ల నేరుగా యూనివర్సిటీలో మిడ్‌వైఫరీ డిగ్రీలో, అంటే కాన్పు చేసే చదువులో, చేరొచ్చు. మూడేళ్ల చదువు. దాదాపు సగం క్లాసులో, సగం ఆసుపత్రిలో. చదువు ముగిసేలోగా 40 కాన్పులు తన చేతుల మీదుగా జరగాలన్నది అక్కడి లెక్క. మన దగ్గర ఇది నర్సింగులో కలిసి ఉంటుంది. బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ప్రసూతి పాఠాలు ఆరో సెమిస్టర్లో మొదలై ఏడులో కూడా సాగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తుంది. తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తుంది. నర్సింగు కౌన్సిల్లో పేరు నమోదైనప్పుడు ఆ అమ్మాయి పేరు పక్కన రెండు మాటలు చేరతాయి. రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. ఆ రెండో మాటను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. నా బాధంతా దాని గురించే.

ఆ రెండో మాటకు బలం తెచ్చే కోర్సు ఇంకొకటి వచ్చింది. నర్సుగా పనిచేస్తున్నవాళ్లకు 18 నెలల ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్‌తో, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, అంటే 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే దేశం కంటే ముందు మన గడ్డ మీద అడుగు పడింది. మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

సరే, అసలు మాటకు వస్తాను.

కాన్పు నేర్చుకునే అమ్మాయికి మొదటిరోజు ఏం చూపిస్తామనుకుంటున్నారు? కత్తెరా? ఇంజెక్షనా? కాదు. తన చెయ్యే తనకు చూపిస్తాం. గోళ్లు కత్తిరించుకోమంటాం. గాజులు తీసేయమంటాం. రెండు అరచేతులూ రుద్ది వెచ్చబరుచుకోమంటాం. ఎందుకంటే చల్లటి చెయ్యి తగిలితే చూలాలి కడుపు బిగుసుకుంటుంది. అప్పుడు ఆ చేతికి ఏమీ తెలియదు. తర్వాత ఆ చేతిని కడుపు పైభాగాన, మెత్తగా ఆనించమంటాం. ఇంకో చేతికి సెకన్ల ముల్లున్న గడియారం ఉంటుంది. ఇక పది నిమిషాల పాటు కదలకూడదు. మాట్లాడినా చెయ్యి తియ్యకూడదు.

ఆ పది నిమిషాల్లో నొప్పి ఎన్నిసార్లు వచ్చింది? వచ్చిన ప్రతి నొప్పీ ఎన్ని సెకన్లు నిలిచింది? ఎంత గట్టిగా వచ్చింది? ఈ మూడూ చెయ్యే చెప్పాలి. గట్టితనం ఎలా తెలుస్తుందీ అని పిల్లలు అడుగుతారు. అప్పుడు వాళ్ల ముఖాన్నే వాళ్లను తాకి చూడమంటాం. మీరు కూడా ఇప్పుడు తాకి చూడండి. ముక్కు కొస నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. నొప్పి వచ్చినప్పుడు కడుపు అలా ఉంటే అది చిన్న నొప్పి. గడ్డం నొక్కండి. కాస్త గట్టి. అది మధ్యరకం. ఇప్పుడు నుదురు నొక్కండి. వేలు దిగదు. కడుపు నుదురులా బిగుసుకుందంటే అది అసలైన పురిటినొప్పి. ముక్కు, గడ్డం, నుదురు. ఇంత పెద్ద పాఠం మన ముఖం మీదే ఉంది. మా క్లాసులో దీన్ని ఒక్కసారి నేర్చుకున్న పిల్ల మర్చిపోవడం నేను చూడలేదు.

కాన్పు ఎంతవరకు వచ్చిందో తెలియడానికి ఇంకో పరీక్ష ఉంది. గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో రెండు వేళ్లతో చూడాలి. పూర్తిగా తెరుచుకుంటే 10 సెంటీమీటర్లు. కాస్త పెద్ద ఇడ్లీ ఎంత వెడల్పుంటుందో అంత. దీన్ని మనుషుల మీద చూసేముందు అట్టముక్కల మీద నేర్పుతాం. అట్టలో రకరకాల సైజుల్లో గుండ్రంగా రంధ్రాలు కోస్తాం. పిల్లలు కళ్లు మూసుకుని రెండు వేళ్లు పెట్టి, ఇది 4, ఇది 6, ఇది 8 అని చెప్పాలి. మొదట్లో అందరూ తప్పులే చెబుతారు. నెల తిరిగేసరికి వేళ్లకు కళ్లొస్తాయి.

ఇంతవరకు చెయ్యి నేర్చుకుంది. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. చెయ్యి తీసి ఊరుకోవడం నేర్చుకోవాలి.

అమ్మలకు ఇది బాగా తెలుసు. రాత్రి పాలు తోడేసి గిన్నె పక్కన పెడతారు. పెట్టాక ఏం చేస్తారు? తోడుకుందా లేదా అని మాటిమాటికీ గరిటెతో కలిపి చూస్తారా? చూడరు. కదిపితే పెరుగు తోడుకోదు, విరిగినట్టవుతుంది. అలాగని గిన్నె సంగతే మర్చిపోయి మర్నాడు సాయంత్రం చూస్తే? పులిసిపోతుంది. చలికాలమైతే గిన్నెను వెచ్చగా ఉన్నచోట పెడతారు. ఎండాకాలమైతే తొందరగా చూసి తీస్తారు. కదపరు, కానీ మరవరు. కాన్పు దగ్గర కనిపెట్టుకుని ఉండటమంటే సరిగ్గా ఇదే. కదపకూడదు. మరవకూడదు.

కదపకుండా ఉండటానికి ఓర్పు కావాలి. మరవకుండా ఉండటానికి మాత్రం ఓర్పు చాలదు. దానికి ఒక కాగితం కావాలి.

ఆ కాగితం పేరు పార్టోగ్రాఫ్. లేబర్ రూంలో మామూలుగా చార్టు అంటాం. ఒకే ఒక్క కాగితం. కింద వరసన గంటలు. పక్క వరసన సెంటీమీటర్లు. అరగంటకొకసారి బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టి రాయాలి. అది నిమిషానికి 110కీ 160కీ మధ్య ఉండాలి. నొప్పులు ఎన్ని వచ్చాయో రాయాలి. నాలుగు గంటలకొకసారి లోపలి పరీక్ష చేసి, ద్వారం ఎంత తెరుచుకుందో ఒక గుర్తు పెట్టాలి. తల్లి నాడి, బీపీ, ఉమ్మనీరు రంగు, అన్నీ అందులోనే. గుర్తులన్నీ కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీత పైకి ఎక్కుతోందా, నేల మీద పాకుతోందా అన్నది చూడగానే తెలుస్తుంది.

ఈ కాగితం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. 1954లో ఫ్రీడ్‌మన్ అనే అమెరికా డాక్టరు కాన్పు ముందుకు సాగే తీరును మొదటిసారి గీత గీసి చూపించాడు. అయితే దాన్ని పల్లెకు పనికొచ్చే సాధనంగా మార్చింది ఆఫ్రికాలో. ఇప్పటి జింబాబ్వేలో ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో ఆ పని చేశారు. అక్కడ దూరపు ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు లేరు. మిడ్‌వైఫులే ఉన్నారు. ఏ తల్లిని ఉంచుకోవాలి? ఏ తల్లిని పట్నం ఆసుపత్రికి పంపాలి? ఎప్పుడు పంపాలి? ఆ మిడ్‌వైఫు ఎవరిని అడగాలి? ఎవరినీ అడగక్కర్లేకుండా, కాగితం మీద రెండు గీతలు గీసి ఇచ్చారు.

ఆ గీతలు అర్థం కావాలంటే రైలు గుర్తు తెచ్చుకోండి. సికింద్రాబాదులో బయల్దేరిన బండి కాజీపేటకు ఫలానా వేళకు చేరాలి. జనగామ దగ్గరే అరగంట ఆలస్యమైందనుకోండి. ఏమీ మునిగిపోలేదు. కానీ కాజీపేటలో ఎదురుచూసేవాళ్లకు కబురు అందాలి. బండి ఇంకా కదలకపోతే అప్పుడు ఇంజను మార్చాలో, ఇంకేం చేయాలో చూడాలి. ఆ చార్టులో మొదటిది హెచ్చరిక గీత. గుర్తు ఆ గీత దాటి కుడివైపుకు పోయిందంటే ఆలస్యం మొదలైందన్నమాట. తల్లిని పెద్దాసుపత్రికి పంపడానికి అదే సమయం. దానికి నాలుగు గంటల దూరంలో రెండో గీత. అది దాటితే ఇక ఆగకూడదు, ఏదో ఒకటి చేయాల్సిందే. ఈ ఏర్పాటులో తెలివి ఎక్కడుందంటే, మొదటి గీతకూ రెండో గీతకూ మధ్య ఉన్న నాలుగు గంటల్లో ఉంది. బండి కట్టుకుని, దారి దాటి, ఆసుపత్రి చేరడానికి సరిపడే సమయం అది. ఆ గీతలు గీసినవాళ్లు పల్లె దారిని కూడా లెక్కలో వేశారు.

పనిచేసిందా అంటారా? 1990, 91ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండోనేషియా, థాయిలాండు, మలేషియా ఆసుపత్రుల్లో 35 వేల మందికి పైగా తల్లుల కాన్పుల్లో దీన్ని పరీక్షించింది. చార్టు వేయడం మొదలయ్యాక, 18 గంటలు దాటి సాగే కాన్పులు నూటికి ఆరుకు పైగా ఉన్నవి మూడున్నర లోపుకు దిగాయి. అత్యవసర ఆపరేషన్లు తగ్గాయి. పురిట్లో బిడ్డలు చనిపోవడం తగ్గింది. కొత్త మందేదీ ఇవ్వలేదు. కొత్త యంత్రమేదీ తేలేదు. ఒక కాగితం మీద వేళకు రాశారు, రాసినదాన్ని బట్టి నడుచుకున్నారు. అంతే.

ఇప్పుడు ఆ కాగితం కూడా మారింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త చార్టు ఇచ్చింది. పాత లెక్కలో గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలి. ఆరోగ్యంగా ఉండి కూడా అంతకంటే నిదానంగా కనే తల్లులు చాలామంది ఉన్నారని తర్వాత తేలింది. అందుకని అందరికీ ఒకే గీత తీసేశారు. అసలు కాన్పు 5 సెంటీమీటర్ల నుంచి మొదలైనట్టు లెక్క. 5 దగ్గర 6 గంటలు గడిచినా మార్పు లేకపోతే అప్పుడు జాగ్రత్త పడాలి. 9 దగ్గరైతే 2 గంటలకే. ఆ కొత్త కాగితంలో నాకు బాగా నచ్చిన చోటు ఇంకొకటుంది. తల్లి పక్కన తోడు ఎవరైనా ఉన్నారా? ఏమైనా తాగిందా? పడుకునే ఉందా, లేచి తిరుగుతోందా? ఇవి కూడా గంట గంటకూ రాయాలి. తల్లి చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషి ఉండటం కూడా వైద్యంలో భాగమని ఆ కాగితం ఒప్పుకుంది. మన అమ్మమ్మలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మంత్రసాని వచ్చేదాకా చూలాలి నడుము రాస్తూ కూర్చున్నది వాళ్లే కదా.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. ఒక ఆసుపత్రికి పిల్లలను డ్యూటీకి తీసుకెళ్లాను. తెల్లవారుజామున ఒక తల్లి ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమం. చార్టు తీసి చూశాను. ముచ్చటగా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. ఒకే పెన్ను, ఒకే రంగు, ఒకే తీరు చేతిరాత. రాత్రి పదింటికి రాసిన అంకె, తెల్లవారి నాలుగింటికి రాసిన అంకె అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. నాకు అర్థమైంది. "ఎప్పుడు రాశావమ్మా?" అని అడిగాను. మా విద్యార్థిని తల దించుకుంది. కాన్పు అయ్యాక కూర్చుని అంతా ఒకేసారి నింపింది. డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు అలాగే చేయమందట. రిజిస్టరు చూసేవాళ్లకు పేజీ నిండి ఉంటే చాలు అందట.

నేను ఆ పిల్లను కేకలేయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే చెప్పాను. రాత్రి రెండింటికి నిజంగా వేసిన చుక్క వంకరగా ఉంటుందమ్మా. నిద్ర కళ్లతో వేస్తాం. చేతికి తడి ఉంటుంది. కాగితం మీద ఎక్కడో ఒక మరక పడుతుంది. ఆ మరకున్న చార్టు తల్లిని కాపాడుతుంది. బండి వెళ్లిపోయాక పట్టికలో వేళ రాసుకుంటే ఆ రైలుకు ఏం లాభం? ఆ తర్వాత మా పిల్లల కేస్ బుక్కులు దిద్దేటప్పుడు, చక్కగా నింపిన పేజీని చూసి మార్కులు వేయడం మానేశాను. రాత్రిపూట వేసిన చుక్క ఎలా ఉందో చూసేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మన రాష్ట్రాల సంగతి చూడండి. 2019, 21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 81. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42. దేశం మొత్తం మీద 21. ఇంకోవైపు, కాన్పులో తల్లులు చనిపోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా తగ్గింది. 2018, 20 మధ్య లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. దేశం లెక్క 97. ఇది ఎంతోమంది పడ్డ కష్టానికి ఫలితం. ఆసుపత్రి కాన్పులు, ఆశా కార్యకర్తలు, అంబులెన్సులు, వేళకు చేసిన ఆపరేషన్లు, అన్నీ ఉన్నాయి అందులో. ఆపరేషను తప్పని నేను ఒక్కనాటికీ అనను. అవసరమైన చోట అది ప్రాణదానం. కానీ పదిమందిలో ఆరుగురికి కోత అవసరమంటే నేను నమ్మను. కొన్ని ముహూర్తం చూసి చేసినవి. కొన్ని నొప్పులకు భయపడి అడిగినవి. ఇంకా చాలావాటిలో, పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోవడమే కారణమని నేను అనుకుంటాను. కనిపెట్టే మనిషి లేనిచోట రెండే మిగులుతాయి. తొందరపడి కదపడం. లేదా మరిచిపోవడం.

అందుకే ఈ చదువు కావాలి. అందుకే చదివిన పిల్లలు కావాలి.

ఈ చదువుకు భయపడే పిల్లలతో ఒక మాట. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లతో. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మొదటి ఆరు నెలలు కళ్లు తిరుగుతాయి. రోజుకు పది మాటలు నోటుబుక్కులో రాసుకుని, పక్కన తెలుగులో అర్థం రాసుకోండి. ఏడాది తిరిగేసరికి దారిన పడతారు. కానీ మీ దగ్గర ఉన్న ఆస్తిని మరవకండి. నొప్పులు పడే తల్లి ఇంగ్లీషులో చెప్పదు. "సర్రున నీళ్లు పోయినయి" అంటుంది. "పొద్దుటి సంది బిడ్డ కదుల్తలేదు" అంటుంది. "నడుములోంచి పోటు కిందికి దిగుతోంది" అంటుంది. ఆ మాట విన్న క్షణంలో దాని వెనకున్న ప్రమాదాన్ని పట్టుకోవాలి. పల్లెలో పెరిగిన పిల్ల దాన్ని ఇట్టే పట్టుకుంటుంది. ఈ విద్యలో ఆ చెవికి చాలా విలువుంది.

ఇంకో సంగతి. బిడ్డ పుట్టగానే కనిపెట్టడం అయిపోదు. అసలు గండం ఆ తర్వాతి గంటలోనే. బిడ్డ బయటపడిన నిమిషంలోపే తల్లికి ఆక్సిటోసిన్ సూది వేయాలి. బిడ్డను తుడిచి తల్లి రొమ్ముల మీద పడుకోబెట్టాలి. మాయ పడ్డాక మళ్లీ కడుపు మీద చెయ్యి వేసి చూడాలి. గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా ముడుచుకుని ఉండాలి. మెత్తగా తగిలితే లోపల రక్తం పోతోందని అనుమానించాలి. అందరూ బాబా పాపా అని చూస్తుంటారు. మిఠాయిలు పంచుతుంటారు. ఆ సందడిలో ఒక్క మనిషి చెయ్యి తల్లి కడుపు మీదే ఉండాలి. ఆ చెయ్యి మిడ్‌వైఫుది.

తల్లిదండ్రులకు నా మనవి. అమ్మాయి ఈ చదువు చదువుతానంటే 'రాకపోతే' అన్న మాట ఇంట్లో అననివ్వకండి. రాత్రి డ్యూటీలుంటాయి. కాళ్లు వాస్తాయి. కష్టమే. కానీ ఆ కష్టం తల్లీబిడ్డల దగ్గర పడే కష్టం.

ఇప్పుడు వింటున్న మీ అందరికీ చివరి మనవి. మీ ఇంట్లో ఎవరికైనా నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే, లేబర్ రూం దగ్గర ఉన్న నర్సమ్మను మర్యాదగా ఒక్క మాట అడగండి. "చార్టు వేస్తున్నారా అమ్మా?" అని. ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, తెలుసుకోవడానికే. అలాగే ఇంటి నుంచి ఒక ఆడమనిషిని తోడుగా లోపల ఉండనివ్వమని అడగండి. అడిగేవాళ్లున్నారని తెలిస్తే, ఆ కాగితం మీద చుక్క వేళకు పడుతుంది.